వార్తలలో బుట్టిన వాద్యము

మారేడ్‌పల్లిలోని యొక మిత్రుని యింట మొన్న నొక సాయంకాలము మేము కొందఱము కూడియుంటిమి. కంటోన్మెంటు చెంతనే యున్న యా పేటవారికి కవాతు వాద్యము వింత గాదు. 1806 లో సికందర్ జా పేర సికింద్రాబాదు వెలసినది మొదలు శతాబ్దమునకు పైగా ఆంగ్లసేనల డోళ్ళును ఇత్తడి కొమ్ములును ఆ ప్రాంతమున మ్రోగుచునే యుండెను. దొరలు వెడలిపోయిరి గాని వారి బ్యాండు మాత్రము మన పెండ్లి యూరేగింపులలో నిలిచిపోయినది. నాదస్వరము ముందు నడవగా దాని వెనుక ఎఱ్ఱకోటులవారు కొమ్ములూదుట మనకు సహజముగా దోచునంతటి యలవాటైనది. సాంస్కృతిక పరాజయ మిట్లు పెండ్లిపందిరిలోనికి చొరబడుటను గూర్చి మఱియొకప్పుడు వ్రాయుదుము.

ఆ సాయంకాలము మిత్రుడు ఫలకము పెట్టి, పది నిమిషములపాటు సాగు నొక పాశ్చాత్య వాద్యబృందపు కృతిని వినిపించెను. వినువారిలో మువ్వురు ముఖ్యులు: ఒక వకీలు, నల్లగొండ వైపున భూములు గల యొక గృహస్థు, కర్ణాటక సంగీతమున నిండు పరిచయము గల యొక వృద్ధుడు. కృతి మొదలైన కొంతసేపటికి వృద్ధుడు చేయి యెత్తి, "ఎవరి శవయాత్ర యండీ యిది?" యని యడిగెను. అది ముగియు సమయమునకు గదిలోని పాత్రసామాను కంపించునంతగా డోళ్ళును తాళములును మ్రోగుచుండ, ఆయనయే, "ఇప్పు డెవరి పట్టాభిషేకము?" అనెను. వకీలు నవ్వెను. మా మిత్రునకు కృతికర్త పేరు దెలియును; రెండు ప్రశ్నలలో నొక్కదానికిని సమాధానము దెలియదు. మేము తెలిసికొని వ్రాయుదుమని మాట యిచ్చితిమి. ఆ మాట చెల్లించుటకే యీ వ్యాసము.

కృతికర్త చైకోవ్‌స్కీ. కృతి పేరు "స్లావు కవాతు". పుట్టినది 1876 లో, మాస్కోలో. రష్యావారి పాత పంచాంగము ప్రకారము సెప్టెంబరు 25 వ తేదీని, మన మెఱిగిన లెక్కకు అక్టోబరు 7 వ తేదీని, ఆయన దానిని ముగించెను. అప్పటికాయనకు ముప్పదియాఱేండ్లు, మాస్కో సంగీత విద్యాలయమున ఉపాధ్యాయుడు. దాని కాయన మొదట బెట్టిన పేరు వేఱు: "సెర్బు-రష్యా కవాతు". ఈ మొదటి పేరులోనే వృద్ధుని రెండు ప్రశ్నలకును జవాబున్నది. మొదటి సగము సెర్బులది, రెండవ సగము రష్యనులది. దుఃఖ మొకరిది, ఉత్సాహ మింకొకరిది.

ఆ దుఃఖ మెట్టిదో చెప్పవలెనన్న బాల్కను భూములకు బోవలెను. శతాబ్దములుగా ఆ ప్రదేశము తురుష్క సుల్తానుల యేలుబడిలో నుండెను. సెర్బియాకు కొంత స్వపరిపాలనము లభించెను గాని సార్వభౌమత్వము సుల్తానుదే. 1875 వేసవిలో హెర్జెగోవినా రైతులు పన్నుల బాధకు తాళలేక తిరుగబడిరి. పంట పండని యేట సైతము పన్నుల గుత్తదారులు వచ్చి పీడించుట ఆ తిరుగుబాటునకు దగ్గఱి కారణము. శిస్తు వసూలు కథ మన పాఠకులకు వివరింపనక్కఱలేదు. మఱుసటి యేడు, అనగా 1876 వసంతమున, బల్గేరియాలో తిరుగుబాటు లేచెను. దానిని సుల్తాను ప్రభుత్వము బాషీబజూకులను క్రమశిక్షణ లేని పదాతులచేత అణచివేయించెను. బాటకు అను గ్రామమున స్త్రీలును బాలురును చర్చిలో దాగియుండగా వధింపబడిరి. చనిపోయినవారి సంఖ్యను గూర్చి ఆనాడే వివాదము చెలరేగెను. బ్రిటిషు ఉద్యోగి నివేదికయే పండ్రెండు వేలని చెప్పినది.

ఈ వార్త లోకమునకు దెలిసిన విధము మా వృత్తివారు ప్రత్యేకముగా స్మరింపదగినది. కాన్‌స్టాంటినోపులులోని బ్రిటిషు రాయబారి దీనిని తేలిక చేసి చెప్పగా, ప్రధానియైన డిజ్రేలీ పార్లమెంటులో ఇదంతయు కాఫీహోటళ్ళలోని పుకారని కొట్టివేసెను. లండను "డెయిలీ న్యూస్" పత్రిక మెకగహన్ అను అమెరికా విలేఖరిని పంపెను. అతడు గుఱ్ఱమెక్కి ఆ గ్రామములకు బోయి, కండ్లార చూచినదానిని 1876 ఆగస్టులో వ్రాసెను. పుఱ్ఱెలకుప్పలు, పూడ్చని శవములు, చర్చి లోపలి దుర్గంధము, వీనిలో దేనినిగాని అతడు దాచలేదు. ఒక నెలలోపల గ్లాడ్‌స్టను బల్గేరియా ఘోరములపై కరపత్రము ప్రకటింప, అది కొన్ని వారములలోనే రెండు లక్షల ప్రతులు చెల్లెను. ఒక విలేఖరి యొక మహాసామ్రాజ్యపు మంత్రిని ఇరుకున బెట్టిన సందర్భములు చరిత్రలో ననేకములు లేవు.

ఇంగ్లండున కరపత్రము పుట్టెను. రష్యాలో సంగీతము పుట్టెను. మతమునను భాషాకుటుంబమునను సెర్బులును బల్గేరియనులును తమ సోదరులని రష్యనులు భావించిరి. మాస్కోలోని స్లావు ధర్మసంఘమునకు ఇవాన్ అక్సాకోవు నాయకుడు. ఆయన పిలుపున ధనవంతులు రూబుళ్ళును, రైతులు రాగినాణెములును, పల్లెస్త్రీలు గుడ్డలును తెచ్చి యిచ్చిరి. 1876 జూను నెలాఖరున సెర్బియా సుల్తానుపై యుద్ధము ప్రకటింపగా వేలకొలది రష్యనులు స్వచ్ఛందసైనికులై బయలుదేఱిరి. సెర్బు సేనకు నాయకత్వము వహించుటకు చెర్న్యాయెవు అను రష్యా సేనాని తన ప్రభుత్వపు అనుమతి లేకుండగనే పోయెను. 1865 లో తాష్కెంటును బట్టినవా డితడే. మధ్యకాలమున నీతడొక దినపత్రికను నడపెను! సేనానులు పత్రికలు నడపుటయు, పత్రికాధిపతులు సేనలు నడపుటయు రెండును క్షేమకరములు గావని మా యభిప్రాయము. సెప్టెంబరులో నతడు ఎవ్వరి నడుగకయే సెర్బియా సామంతప్రభువైన మిలానును రాజుగా ప్రకటించెను. యుద్ధ మింకను గెలువలేదు, కిరీటము మాత్రము సిద్ధమైనది.

ఈ దినములలో మాస్కో సంగీత విద్యాలయాధ్యక్షుడగు నికొలాయ్ రూబిన్‌స్టైను, గాయపడిన సెర్బుల సహాయార్థము కచేరి యేర్పాటు చేయదలచి, దానికొక క్రొత్త కృతి కావలెనని చైకోవ్‌స్కీని కోరెను. చైకోవ్‌స్కీ రాజకీయములలో మునిగితేలువాడు కాడు. స్వభావమున సిగ్గరి, ఏకాంతప్రియుడు. కాని ఆ శరత్తున ఆయనయు తక్కిన మాస్కో నగరమువలెనే పత్రికల కొఱకు ఎదురుచూచుచుండెను. కొద్దిదినములలోనే కృతి పూర్తియయ్యెను. కోరి వ్రాయించుకొన్న పని యనియు, సందర్భోచితమైన పని యనియు, అందుచే రెండవ తరగతి పని యనియు నొక వాదము కలదు. మన తెలుగు సాహిత్యమున ఆశ్వాసాంత పద్యముల కొఱకు రాజులు పోసిన మాడలు ఎన్నియో లెక్క చూచినవా రీ వాదమును తొందరపడి చేయరు.

ఆయన తీసికొన్న సామగ్రి చిత్రమైనది. కొర్నేలియె స్టాన్‌కోవిచ్ అను సెర్బు సంగీతజ్ఞుడు ఊరూర దిరిగి జానపదగీతములను స్వరపఱచి ప్రకటించియుండెను. 1831 లో బుట్టి 1865 లోనే గతించిన యా యువకుడు తన సేకరణ యిట్లు లోకమున మ్రోగునని కలనైన నెఱిగియుండడు. చైకోవ్‌స్కీ ఆ సెర్బు గీతములనే తన కృతికి పునాదిగా గొనెను. మొదటి గీతము సూర్యుని నిష్ఠురమాడునది: ఓ సూర్యుడా, నీ వెలుతురు అందఱిపై నొక్కతీరుగ బడదేమి యని. దీనిలో రాజు పేరు లేదు, తురుష్కుని పేరు లేదు, యుద్ధము పేరు లేదు. పరాధీనజనము తమ ప్రభువును నేరుగా నిందింపజాలనపుడు సూర్యునో మేఘమునో నిందించుట లోకమంతటను గలదు.

మా వృద్ధమిత్రుడు శవయాత్ర యని ఊహించుట పొరపాటు గాదు. కృతికర్తయే ఆ భాగమును శవయాత్ర నడకలో వాయింపవలెనని వ్రాసియుంచెను. గంభీరస్వరము గల వాద్యములు కాళ్ళీడ్చినట్లుగా అడుగు వేయుచుండగా, వానిపై ఆ నిష్ఠురగీతము నెమ్మదిగా లేచును. దానిలో రెండు స్వరముల నడుమ సాధారణముకన్న నెక్కువ యెడము గలదు; ఆ యెడమువలననే మన చెవికది పరాయిదిగా దోపక, కీరవాణినో సింహేంద్రమధ్యమమునో తలపునకు దెచ్చును. ఐరోపావారికి ఇది తూర్పుదేశపు ధ్వని. మన కది యింటిధ్వని. వృద్ధుడు రెండవమాఱు వినినప్పుడు కన్నులు మూసికొని తొడపై తాళము వేయుచుండుటకు కారణ మిదియే కావచ్చును.

ఆ యేడుపు క్రమముగా పెద్దదై అఱపుగా మాఱును. తరువాత నొక్కసారిగా గాలి మాఱి, పల్లెటి నాట్యమువంటి తేలికపాట యొకటి వేణువులనుండి తంత్రులకు, తంత్రులనుండి కొమ్ములకు చేతులు మాఱును. రష్యనులు సహాయమునకు గూడుచున్నారని దీని భావము. దాని వెంట జారు చక్రవర్తి స్తుతిగీతము వినబడును. లువోవు అనునతడు 1833 లో గట్టిన ఆ గీతమే ఆనాటి రష్యా జాతీయగీతము. మరల సెర్బుల మొఱ. చిట్టచివఱకు నడక వేగించి, చీకటి స్థాయి వెలుగు స్థాయిగా మాఱి, స్వచ్ఛందసైనికులు నడచిపోవుదురు. జారు గీతము ఇత్తడికొమ్ములలో మఱియొకమాఱు మ్రోగును. ఇదియే వృద్ధుడు చెప్పిన పట్టాభిషేకము.

మా దృష్టిలో కృతియొక్క బలమంతయు మొదటి సగమున నున్నది. రెండవ సగమున చప్పుడెక్కువ. అయినను, ఆ చప్పుడు కూడ నకిలీ చప్పుడు గాదు. ఆనాటి మాస్కో వీధులలో నిజముగా మ్రోగినదే.

పాత పంచాంగపు నవంబరు 5, అనగా నవంబరు 17 న, రూబిన్‌స్టైను చేతికఱ్ఱ క్రింద మాస్కోలో కృతి మొట్టమొదట వినబడెను. సభ సభయంతయు లేచి నిలిచెను. కొందఱు కుర్చీలపై కెక్కిరి. హుర్రాయని కేకలు వేసిరి. కన్నీరు గార్చినవారును గలరు. మరల వాయింపుమని పట్టుబట్టగా మరల వాయించిరి. ఈ కృతివలన దేశభక్తి తుఫాను చెలరేగెనని చైకోవ్‌స్కీయే తన సోదరికి వ్రాసెను.

ఇచ్చట పాఠకులు తేదీలను సరిపోల్చి చూడవలెను. కృతి ముగిసినది అక్టోబరు 7 న. చెర్న్యాయెవు సేన జూనిసు వద్ద తురుష్కులచేత చిత్తుగా నోడినది అక్టోబరు 29 న. రాజధానియగు బెల్‌గ్రేడునకు త్రోవ తెఱచుకొనెను. రష్యా ప్రభుత్వము తుది హెచ్చరిక పంపిన పిమ్మట గాని సుల్తాను యుద్ధవిరామమున కొప్పుకొనలేదు. అంటే, నవంబరు 17 న మాస్కోవారు కుర్చీలెక్కి హుర్రాయని యఱచినపుడు, ఆ కృతి చివర వినబడు విజయ మెచ్చటను జరిగియుండలేదు. యుద్ధము పోయినది. స్వచ్ఛందసైనికులలో ననేకులు పోయిరి. మ్రోగినది జరిగిన విజయము గాదు. జరుగవలెనని కోరుకొన్న విజయము. ఆ కన్నీటిలో ఎంత పాలు ఆనందమో, ఎంత పాలు సిగ్గో, ఎంత పాలు కసియో నిర్ణయింపగలవారెవరు? ఆ నవంబరులోనే జారు తన సేనలో కొంతభాగమును సమీకరింప నాజ్ఞాపించెను. సంగీతము యుద్ధమును దెచ్చినదని మే మనము. కాని యుద్ధమునకు సిద్ధముగా నున్న జనము ఏ పాటకు లేచి నిలుచుండునో ఆ రాత్రి తేలిపోయినది.

ఆ 1876 మన లెక్కకు ధాత సంవత్సరము. ధాత పేరు వినినంతనే రాయలసీమ వృద్ధులు చెప్పుకొనిన మాట కరువు. ఆ యేటి వానలు తప్పిపోయెను. మఱుసటిదియగు ఈశ్వర సంవత్సరమునను తప్పెను. బళ్ళారి, కర్నూలు, కడప సీమలు మలమల మాడెను. నిజాము రాష్ట్రమునకును, మైసూరునకును, బొంబాయి రాజధానికిని ఆ కరువు ప్రాకినది. దక్షిణదేశమున చచ్చినవారు 50 లక్షలకు పైబడిరని అంచనాలు. ప్రభుత్వమువారు సర్ రిచర్డు టెంపులును బంపగా, ఆయన 1877 జనవరిలో కరువుపనిలో మట్టి మోయు మగవానికి దినమున కొక పౌను ధాన్యమును ఒక అణాయును చాలునని తేల్చెను. ఆ జనవరి మొదటి తేదీననే లిట్టను ప్రభువు ఢిల్లీలో దర్బారు దీర్చి విక్టోరియా రాణిని భారతచక్రవర్తినిగా చాటించెను. పదేండ్ల బాలుడైన నిజాము మహబూబ్ ఆలీఖాను సాలార్‌జంగు వెంట ఆ దర్బారునకు బోయి కూర్చుండవలసివచ్చెను.

బల్గేరియా శవములను గూర్చి గ్లాడ్‌స్టను లేవదీసిన ధర్మాగ్రహము మహత్తరమైనదే. ఆ చలికాలముననే కడపజిల్లా బాటలప్రక్కన పడిపోవుచున్నవారికి మాస్కోలో నొక కచేరి లేదు, లండనులో కరపత్రము వెంటనే లేదు. మఱుసటి యేడు లండను నగరాధిపతి తెఱచిన చందాపట్టిక మాట మఱచి యీ మాట యనుటలేదు. దానికి దాతలు ఉదారముగ నిచ్చిరి. కాని గోదాములలోని ధాన్యము ఓడలెక్కి దేశాంతరమునకు బోవుట యప్పుడును ఆగలేదు. సూర్యుడు అందఱిపై నొక్కతీరుగ వెలుగడన్న సెర్బు పల్లెవాని నిష్ఠురము ఆ సంవత్సరమున అన్నిచోట్లకన్న మనకే యెక్కువ వర్తించెను. మన సూర్యుడు మఱి ఎక్కువగనే వెలిగినాడు. అదియే యాపద యైనది.

ఆ తూర్పు తగవు మన దేశమును మఱి రెండువిధముల దాకెను. భారత ముస్లిములు సుల్తానును ఖలీఫాగా భావించుచు తురుష్క క్షతగాత్రుల కొఱకు ఊరూర చందాలు పోగుచేసిరి. మాస్కో పల్లెస్త్రీ సెర్బుల కొఱకు గుడ్డ చించినట్లే, ఇచ్చట నొక ముస్లిము స్త్రీ తురుష్కుని కొఱకు తన వెండికడియ మిచ్చియుండును. ఇరువురిదియు జాలియే. 1878 లో రష్యాను బెదిరించుటకై డిజ్రేలీ సుమారు 7000 మంది భారతసైనికులను బొంబాయినుండి మధ్యధరా సముద్రములోని మాల్టా ద్వీపమునకు దరలించెను. ఎవరి తగవు? ఎవరి నెత్తురు? మన సైనికుడు మాల్టా యెచ్చటనున్నదో యెఱుగకయే ఓడ యెక్కెను. ఆ మార్చి 14 న లిట్టను దేశభాషాపత్రికల నోరు నొక్కు శాసనమును ఒక్కనాటి బైఠకులో చేయించెను. ఇంగ్లీషు పత్రికలకు వర్తింపని యా శాసనము బంగాళీకి, మరాఠీకి, ఉర్దూకు వర్తించు శాసనము. కరువును గూర్చి, దర్బారు ఖర్చును గూర్చి మనవారు తమ భాషలలో వ్రాయుట దొరలకు సహింపలేదు. కాఫీహోటలు పుకారులను మాటకు దేశభాషలలో ఇదియే తర్జుమా! రిప్పను ప్రభువు వచ్చి గాని యది రద్దు గాలేదు.

రష్యాలో నందఱును కుర్చీ లెక్కలేదు. ఆ యుత్సాహమునకు తల యొగ్గని వాడొకడుండెను, టాల్‌స్టాయి. అప్పుడాయన "అన్నా కరెనీనా" ముగించుచుండెను. దాని కడపటి భాగమున వ్రాన్‌స్కీ సెర్బియాకు స్వచ్ఛందసైనికుడై పోవును. ఆ పోకలో ఆయనకు వీరత్వము కనబడలేదు, బ్రదుకుపై విసుగు కనబడినది. యుద్ధము వచ్చిన పత్రికలకు గిరాకి పెరుగునని ఒక పాత్రచేత ననిపించెను కూడను. నవలను ధారావాహికముగ బ్రకటించుచున్న కాట్‌కోవు యుద్ధపక్షపాతి. 1877 లో ఆయన ఆ భాగమును అచ్చువేయ నిరాకరించెను. టాల్‌స్టాయి దానిని వేఱు పుస్తకముగా అచ్చొత్తించుకొనెను.

ఇంకను చిత్రము: ఈ కవాతు మ్రోగిన మఱుసటి నెలలో, 1876 డిసెంబరున, టాల్‌స్టాయి మాస్కోకు వచ్చి చైకోవ్‌స్కీని గలిసికొనెను. ఆయన గౌరవార్థము రూబిన్‌స్టైనే నలువురు వాయించు కచేరి నేర్పాటు చేసెను. అందు చైకోవ్‌స్కీ మొదటి చతుష్క వాద్యమునందలి మందగతి భాగము వినుచు టాల్‌స్టాయి కన్నీరు గార్చెను. ఆ భాగమునకు మూలము ఉక్రెయిను పల్లెలో పని చేసికొనుచు నొక కూలివాడు పాడిన పాట. డోలు లేదు, కొమ్ము లేదు, జారు గీతము లేదు. మాస్కో కన్నీరును టాల్‌స్టాయి కన్నీరును నెల దినముల యెడమున, ఒక్కని సంగీతమునకే రాలినవి.

1877 ఏప్రిలు 24 న రష్యా తానే యుద్ధము ప్రకటించెను. ప్లెవ్‌నా కోట క్రింద నెలలతరబడి రష్యా యువకులు కూలిరి. ఆ యేటి చివర చైకోవ్‌స్కీ కుటుంబక్లేశములచే దేశము విడిచి వెనీసులో నుండగా, ప్రతి సాయంకాలము పత్రికలమ్ము కుఱ్ఱవాండ్రు తురుష్కుల విజయమని కేకలు వేయుచు పోవుట ఆయనకు శూలములు పొడిచినట్లుండెను. ఒకనాడు సైరింపలేక ఒకనిని పట్టుకొని నిలవేసి, ఏదిరా ఆ విజయమని యడుగగా, అది యొక చిన్న సంఘటనను గూర్చిన తురుష్క ప్రకటన మాత్రమే యని తేలెను. పత్రికావార్తలు విని కవాతు గట్టినవాడు పత్రికాకేకలు విని వేదన పడెను. అమ్ముడుపోవుటకు కేక వేయు కుఱ్ఱవానిని మేము తప్పుపట్టము. కేకకు తగిన శీర్షిక నిచ్చిన సంపాదకుని మాత్రము విడిచిపెట్టలేము.

1878 మార్చి 3 న సాన్‌స్టెఫానో సంధి. ఆ వేసవిలోనే బెర్లిను మహాసభ ఆ సంధిని చీల్చి పంచిపెట్టెను. సెర్బియాకు స్వాతంత్ర్యము వచ్చెను. బల్గేరియా ముక్కలయ్యెను. తిరుగుబాటు మొదలైన హెర్జెగోవినాను, దానితోపాటు బాస్నియాను, ఏ గాయమునోర్వని ఆస్ట్రియా తన యధీనము చేసికొనెను. దాని ఫలము 1914 లో సరయేవో వీధిలో పండినది. ఈ యుద్ధమున బల్గేరియాలోని ముస్లిము గ్రామములును కాలినవి. లక్షలకొలది ముస్లిములు బండ్లపై సామాను వేసికొని మంచులో కాన్‌స్టాంటినోపులు దారి బట్టిరి. వారి యేడ్పునకు ఈ కృతిలో స్వరము లేదు. ఏ కవాతునందైనను ఒక పక్షపు శవములే యుండును. చైకోవ్‌స్కీ నిందార్హుడని కాదు. ఆయన వినినంతే ఆయన వ్రాసెను.

1880 లో ఆయన "1812" అను ప్రసిద్ధ యుద్ధకృతిని వ్రాసెను. దానిలోను జారు గీతము మ్రోగును, ఆ గీతము 1812 నాటికి పుట్టనే లేదని యెఱిగియు. అది మిక్కిలి చప్పుడు గలదియు, ప్రేమ లేక వ్రాసినదియు నని ఆయనయే నెచ్చెలియగు ఫాన్ మెక్కు అమ్మకు వ్రాసెను. స్లావు కవాతును గూర్చి ఆయన అట్లనలేదు. సందర్భ మొకటియే కాని, చందా యిచ్చిన చేతికిని ఉత్తరువు నందుకొనిన చేతికిని తేడా యున్నది.

కృతియొక్క తరువాతి చరిత్ర దాని పుట్టుకకన్న తక్కువ వింత గాదు. మాటలు లేని పాటకు అర్థము వాయించువాని చేతిలోను వినువాని చెవిలోను ఉండును. 1917 లో జారు సింహాసనము కూలిన వార్త వచ్చినపుడు ఇసడోరా డంకన్ అను అమెరికా నర్తకి న్యూయార్కులో ఈ కవాతునకే నాట్యమాడెను. 1921 నవంబరు 7 న మాస్కో బొల్షోయి నాటకశాలలో లెనిను సమక్షమున మరల నాడెను. వీపు వంగి, చేతులు వెనుకకు గట్టుబడిన దాసుడు జారు గీతపు మ్రోతక్రింద నేల గూలి, సంకెళ్ళు తెంపుకొని లేచుట ఆమె నాట్యము. జారును కీర్తించు స్వరములు జారు పాలనపై అభియోగమయ్యెను. చైకోవ్‌స్కీ వ్రాసిన అక్షర మొక్కటియు మాఱలేదు. పిమ్మట సోవియటు ప్రభుత్వకాలమున అట్టి సూక్ష్మమును నమ్ముకొనక, జారు గీతమును కత్తిరించి, దాని స్థానమున గ్లింకా సంగీతనాటకము నుండి జయగానము నొకదానిని అతికి వాయించిరి. కోసినచోట కుట్టు కనబడుచునే యుండును.

మన గరిమెళ్ళ సత్యనారాయణగారి కీ సౌకర్యము లేకపోయెను. ఆయన పాటకు మాటలుండెను, ఆ మాటలు పల్లెపల్లెకు బాకెను, కావుననే ఆయన చెఱసాలకు బోయెను. మాటలు లేని రాగముగా దానిని పాడియుండిన కలెక్టరుదొర తల యూపి విని యుండునేమో. జనము మాత్రము మాటలను మనసులో నిలిపికొని యుండెడివారు.

ఈ సంగతులన్నియు మేము మారేడ్‌పల్లికి మరల బోయి ఆ మిత్రమండలికి చెప్పితిమి. వకీలు తేదీలను వ్రాసికొనెను. నల్లగొండ గృహస్థు హెర్జెగోవినా రైతులు చెల్లించిన పన్ను పంటలో ఎన్నవ పాలని యడిగెను. వృద్ధుడు మాత్రము చాలసేపు మాటలాడలేదు. పిదప, ఫలకము మరల పెట్టుమనియు, పల్లెపాట ముగిసి జారు గీతము మొదలగు సమయమున ఆపివేయుమనియు కోరెను. మిత్రుడట్లే చేసెను. ముల్లు లేచిన తరువాత గదిలో నెవ్వరును పలుకలేదు. వీధిలో ఏదో పెండ్లి యూరేగింపు వచ్చుచున్నట్లుంది, దూరమున బ్యాండు మ్రోగుచుండెను.